ఏడు పనిదినాల నోటీసు

పలాస స్టేషన్ ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీద నేను నెల రోజులు మనుషుల్ని లెక్కపెట్టాను. చేతిలో ట్యాబ్, మెడలో గుర్తింపు కార్డు. రైలెక్కబోయేవాళ్లను ఆపి ఐదు ప్రశ్నలు అడిగేవాణ్ని. ఎక్కడికి, ఎందుకు, ఏడాదికి ఎన్నిసార్లు, ఎంతమందితో, విమానం ఉంటే ఎక్కుతారా. ఐదో ప్రశ్నకు చాలామంది నవ్వేవారు. నవ్వుకు ఫారంలో గడి లేదు. 'చెప్పలేరు' అన్న గడిలో వేసేవాణ్ని.

నేను చదివింది సివిల్ ఇంజనీరింగు, ఆ తర్వాత రవాణా ప్రణాళిక. ఉద్యోగం విశాఖలో ఒక చిన్న సలహా సంస్థలో. చిన్న ఊళ్ల విమానాశ్రయాలకు విమానాలు తెప్పించడం మా పని. రన్‌వే ఉన్నంత మాత్రాన విమానం రాదు. విమాన కంపెనీ ముందు కూర్చుని, మీ సీట్లు నిండుతాయని కాగితం మీద చూపించాలి. వాళ్లు నమ్మకపోతే, నిండని సీట్ల నష్టంలో కొంత మొదటి ఆరు నెలలు మేం భరిస్తామని ఆ ప్రాంతంవాళ్ల చేత హామీ ఇప్పించాలి. హామీ అంటే మాట కాదు, బ్యాంకులో ముందుగా వేసే సొమ్ము. సీట్లు నిండితే అది వెనక్కి వస్తుంది. నిండకపోతే కరిగిపోతుంది.

పలాసకు రోడ్డు మీద గంటన్నర దూరంలో అలాంటి ఖాళీ రన్‌వే ఒకటి ఉంది. ఆ పని మా ఆఫీసుకు వచ్చినప్పుడు నేనే అడిగి తీసుకున్నాను. అడగడానికి కారణం మా బావ.

మాది సముద్రం మీద చేపల వేటకెళ్లే కుటుంబమే. నేనొక్కణ్నే పడవెక్కకుండా చదువులోకి తప్పుకున్నాను. అక్కను బారువ దగ్గర సముద్రం ఒడ్డున ఉన్న ఊరికి ఇచ్చారు. ఆ ఊళ్లో మగవాళ్లు సగం మంది ఏటా ఆగస్టులో గుజరాత్ తీరానికి వెళ్లి, అక్కడి సేఠ్‌ల బోట్ల మీద వేట చేసి, మే నెలలో తిరిగొస్తారు. ఒక్కో బోటుకి పదిమంది జట్టు. అందరూ ఒకే వారంలో బయలుదేరతారు, ఒకే వారంలో వస్తారు. రెండు రాత్రులు, దాదాపు మూడు పగళ్లు రైలు, మధ్యలో ఒకచోట మారడం. అలాంటి జట్లు బారువ నుంచి కవిటి దాకా ఊరూరా ఉన్నాయి. వీళ్లను ఏ విమాన సర్వేలోనూ ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. నా నివేదికలో ఒక పేజీ మొత్తం వీళ్లకే ఇచ్చాను. ఆ పేజీ చూసి మా పై అధికారి కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివాడు. అంత సంతోషం నాకు ఉద్యోగంలో ఇంకెప్పుడూ కలగలేదు.

ఆ వారమే అక్క ఇంటికి వెళ్లాను. బావ అరుగు మీద కూర్చుని వల అతుకుతున్నాడు.

"ఏటి బామ్మర్దీ, మమ్మల్ని గాల్లో ఎగరేత్తావంట? సేపల కంపుతో ఎక్కనిత్తారేటి?"

"స్నానం చేసి ఎక్కు బావా."

"సేత్తే పోద్దేటి? పుట్టుకతో ఒచ్చింది."

లోపల్నుంచి అక్క అందుకుంది. "ఆ సంగతి పెల్లికి ముందు ఎవులూ నాకు సెప్పనేదు."

బావ పడీ పడీ నవ్వాడు. తర్వాత సూది ఆపకుండానే అన్నాడు. "నన్నడిగితే బామ్మర్దీ, విమానం మాకు బతికున్నప్పటికన్నా సచ్చినాకే ఎక్కువ అక్కర."

అక్క తడిచేత్తో వచ్చి అతని భుజం మీద ఒకటి వేసింది. "నోట్లోంచి ఒక్క మంచిమాట రాదు."

అతను ఎవరి గురించి అన్నాడో ముగ్గురికీ తెలుసు. అంతకు ముందు ఏడాది మూడిళ్ల అవతలి మనిషి అక్కడే పోయాడు. అతని బూడిద స్వీట్ల డబ్బాలో రైల్లో వచ్చింది. అతని భార్య ఇప్పటికీ బజారులో వెనకనుంచి అలాంటి నడక కనిపిస్తే గబగబా ముందుకెళ్లి మొకం చూసి వస్తుంది. ఆ ఊరి ఆడవాళ్లు చావును ఒప్పుకున్నట్టే కనబడతారు. చివరిచూపు లేకపోవడాన్నే ఒప్పుకోరు.

అందుకే వాళ్లకొక ఏర్పాటుంది. చేపలు అమ్మిన డబ్బు పంచేటప్పుడు బోటు వాటా, వల వాటా, మనుషుల వాటాలు పోగా, ప్రతి పడవా ఊరికి ఒక వాటా తీసిపెడుతుంది. గుజరాత్ వెళ్లినవాళ్లూ తలకింత అని పంపుతారు. దాన్ని ఊరి వాటా అంటారు. అమ్మవారి పండగ, వేట లేని రోజుల్లో బియ్యం, దూరాన పోయినవాళ్లను ఇంటికి తేవడం, ఇవి దాని ఖర్చులు. మూడిళ్ల అవతలి మనిషి పోయినప్పుడు పండగ అప్పుడే అయిపోయి పెట్టె ఖాళీగా ఉంది. ఆ తర్వాత ఊరు మొత్తం పంతం పట్టి కూడబెట్టింది. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. ఆ డబ్బును దేనికైనా తీసేముందు గంగమ్మ ముందు పెట్టి, ఇది ఫలానా పనికి అని చెప్పుకుంటారు. చెప్పుకున్నాక ఆ పని పూర్తయ్యేదాకా ఇంకో పనికి వాడరు.

ఆ డబ్బును సీట్ల హామీకి పెట్టమని నేను వెళ్లి అడిగాను.

సాయంత్రం పూట పడవల పక్కన ఇసుకలో కూర్చున్నారు అందరూ. నేను పటం పరిచి నాలుగు మూలలకూ నాలుగు గవ్వలు పెట్టాను. చెప్పదలచుకున్నవి వరుసగా చెప్పాను. ఒకటి, జట్లు వెళ్లే వారాల్లో సీట్లన్నీ మీవే నిండుతాయి. రెండు, జీడిపప్పు వ్యాపారులు మిగతా వారాలు చూసుకుంటారు. మూడు, ఆరు నెలల్లో సొమ్ము వెనక్కి. నాలుగు, ఇక ముందు ఎవరికి ఏమైనా మనిషి మర్నాటికల్లా ఇంట్లో ఉంటాడు. నాలుగోది చెప్పినప్పుడు ఆడవాళ్ల వైపు గుసగుసలు ఆగిపోయాయి.

ఊరి పెద్దను నేను మావ అంటాను, చుట్టరికం ఏమీ లేకపోయినా. ఆయన అంతా విని చుట్ట పక్కన పెట్టాడు.

"అల్లుడూ, కాయితాలు సదూకున్నోడివి నువ్వు. మజ్జిలో ఎవుడైనా పోతేనో? ఈ డబ్బు మనకి తిరిగొత్తాదా?"

"వస్తుంది మావా. నోటీసిస్తే ఇచ్చేస్తారు."

"నోటీసంటే?"

"కాగితం మీద అడగడం."

"అడిగితే ఇత్తారు కదా?"

"ఇస్తారు."

"అయితే రాసుకో."

ఆ నోటీసుకు ఏడు రోజుల గడువుందని నేను చెప్పలేదు. దాచాలని కాదు. ఆ క్షణంలో అది చెప్పాల్సిన సంగతిగా తోచలేదు. ఒప్పందం రాసింది నేనే. విమాన కంపెనీ తరఫున మాతో మాట్లాడుతున్న అధికారిణి 'తగిన నోటీసు' అని వదిలేద్దామంది. తగిన అన్న మాట నాకు నచ్చలేదు. దానికి కొలత లేదు. 'ఏడు పనిదినాల లిఖితపూర్వక నోటీసు' అని మార్చాను. మా హామీ గట్టిదని వాళ్లకు అనిపించాలని కూడా. ఆ వాక్యం చదివి ఆవిడ, "మీరు మాకన్నా స్ట్రిక్టుగా ఉన్నారే" అంది. దాన్ని నేను మెచ్చుకోలు కింద తీసుకున్నాను.

మర్నాడు డబ్బు గంగమ్మ ముందు పెట్టి, ఇది విమానానికి అని చెప్పుకున్నారు. ఆ డబ్బు బ్యాంకులో పడ్డాక పలాస జీడిపప్పు వ్యాపారుల దగ్గరికి వెళ్లాను. అంతకు ముందు నెలన్నర నుంచీ వాళ్లలో ప్రతివాడూ పక్కవాడు పెడితే తనూ పెడతానన్నవాడే. వేటవాళ్లు ముందు పెట్టేశారని తెలిసి సిగ్గుపడ్డారు. ఒకాయన మాత్రం చివరిదాకా బేరం ఆడాడు.

"విమానంలో నంజుకోడానికి మన పప్పే పెడతారా బాబూ? అది రాయి కాయితంలో."

"అది నా చేతిలో లేదండీ."

"మరి నీ చేతిలో ఏటుంది?" అని నవ్వుతూనే సంతకం పెట్టాడు.

ఆగస్టులో జట్లు వెళ్లాయి. విమానం ఇంకా రాలేదు కనుక రైల్లోనే. పలాస స్టేషన్లో బావ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి నా చెవి మెలిపెట్టాడు. "పై ఏడు ఈ పెట్టె ఎక్కించినావంటే నీకూ నాకూ సంబందం నేదు" అన్నాడు. అక్క నీళ్ల సీసా అందించింది. రైలు కదిలింది. అతన్ని చూడడం అదే ఆఖరుసారి.

జనవరిలో ఒక ఉదయం నేను టెక్కలిలో ఒక గ్రానైట్ క్వారీ యజమాని ఆఫీసులో ఉన్నాను. ఆయన కూడా హామీలో కలుస్తానన్నాడు. బావ జట్టులోని మనిషి దగ్గర్నుంచి ఫోను. ఆ మనిషి ముందు నా పేరు అడిగాడు, తర్వాత పక్కన ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. ముందురోజు మధ్యాహ్నం బోటు మీదే బావకు గుండెలో నొప్పి వచ్చింది. బోటు వెనక్కి తిప్పారు. రేవు చేరడానికి తెల్లారింది. బావ దారిలోనే పోయాడు.

ఆ రోజు నేను చేసిన పనులు వరుసగా రాయగలను. రాయకుండా ఉండలేను కూడా. పదీ పదికి ఫోను వచ్చింది. పదీ నలభైకి శవాల్ని విమానంలో పంపే ఏజెంటు దొరికాడు. శరీరం పాడవకుండా మందెక్కించాలి, పెట్టె చేయించాలి, పోలీసు కాగితం కావాలి, రెండు విమానాలు మారాలి, విశాఖ నుంచి అంబులెన్సు. మధ్యాహ్నం రెండుకల్లా డబ్బు పడితే మర్నాటి సాయంత్రానికి బారువ చేరుస్తానన్నాడు. రేవు ఊళ్లో శవాన్ని ఉంచే చల్లటి గది లేదు. అప్పటికే ఒక రాత్రి గడిచింది. రెండు దాటితే తన వల్ల కాదన్నాడు.

పదకొండుకు ఊరి పెద్దకు ఫోన్ చేశాను. అమ్మవారికి చెప్పుకున్న డబ్బు, పని పూర్తి కాలేదు, ఒప్పుకోడేమోనని భయం. ఆయన నన్ను వాక్యం పూర్తి చేయనివ్వలేదు.

"అమ్మోరితో నాను మాటాడుకుంటాను. నువ్వు డబ్బు తియ్యి."

"అందరూ ఒప్పుకోవాలేమో మావా..."

"సచ్చినోడు మనోడురా. ఎవుడినడగాల? తియ్యి."

తరాల కట్టుబాటును ఆయన రెండు మాటల్లో పక్కన పెట్టాడు.

పదకొండూ ఇరవైకి నేను లాప్‌టాప్ తెరిచి ఒప్పందం తీశాను. నా వాక్యం నాకు ఎదురొచ్చింది. ఏడు పనిదినాలు, లిఖితపూర్వకం. ఉమ్మడి ఖాతా కనుక కంపెనీ సంతకం లేకుండా పైసా కదలదు. ఈమెయిల్ రాశాను. విషయం, సూచిక, క్లాజు నంబరు, కారణం, జతపరచినవి. 'మానవతా దృష్టితో గడువు సడలించగలరు' అన్న మాట చేర్చాను, తీసేశాను, మళ్లీ చేర్చాను. పన్నెండూ ఐదుకి పంపాను. పంపి, జవాబు కోసం కూర్చున్నాను.

ఆ అధికారిణి నంబరు నా ఫోన్లో ఉంది. వారానికి రెండుసార్లు మాట్లాడుకునేవాళ్లం. నేను ఆ రోజు ఆవిడకు ఫోన్ చేయలేదు.

ఎందుకు చేయలేదో చాలాసార్లు రాసుకుని చూశాను. మొదట రాసిన కారణాలు మర్యాదగా ఉంటాయి. ఇంటి చావును పనిలోకి తేకూడదు, లిఖితపూర్వకం అన్నాక నోటిమాటకు విలువ లేదు, మెయిల్ చూస్తే ఆవిడే చేస్తుంది. ఆఖరున రాసింది అసలు కారణం. ఇంకో రెండు వారాల్లో ఆ రూటు మీద కంపెనీ నిర్ణయం ఉంది. హామీ సొమ్ము వెనక్కివ్వమని నోరు తెరిచి బతిమాలితే, వీళ్ల హామీ ఇంతేనా అనుకుంటారని భయపడ్డాను. మా బావ గుజరాత్‌లో ఒక రేవులో తడి తాడు చుట్టల పక్కన పడుకుని ఉంటే, నేను టెక్కలిలో కూర్చుని రూటు గురించి ఆలోచించాను.

నా ఖాతాలో ఉన్నది తీశాను. స్నేహితులు పంపారు. ఊళ్లో ఇల్లిల్లూ తిరిగి పెద్ద కొంత పోగుచేశాడు. అంతా కలిపి సగం దాటేసరికి మూడయింది. ఏజెంటు ఫోన్ ఎత్తలేదు. నాలుగింటికి సేఠ్ మనిషి చెప్పాడు, ఇక ఉంచలేం, పొద్దుపోకముందే కానిచ్చేస్తామని. అప్పుడు నేను టెక్కలి నుంచి బారువ వైపు బండి మీద వస్తున్నాను. రోడ్డు పక్కన ఆపి సరేనన్నాను. ఆ సరే అన్నది కూడా నేనే.

వీడియో కాల్‌లో చూపించారు అక్కకు. నేను ఇంట్లోకి అడుగుపెట్టేసరికి ఆమె గోడకు ఆనుకుని కూర్చుని, ఫోన్ రెండు చేతుల్తో పట్టుకుని ఉంది. ముందు కాళ్లు కనిపించాయి, తెల్లగుడ్డ, ఎవరిదో చెయ్యి. తర్వాత మొకం వచ్చింది. నీరు పట్టి ఉబ్బి ఉంది. గాలికి ఫోను పట్టుకున్నవాడి చెయ్యి ఊగుతోంది. బొమ్మ ముక్కలుముక్కలై ఆగిపోయింది.

"ఈయన కాదు," అంది అక్క.

ఫోన్ నా వైపు తిప్పింది.

"కాదు. మా ఆయన మొకం ఇలగుండదు. తమ్ముడూ, సూడు, నువ్వు సెప్పు. ఈయన కాదు కదా?"

నేను చూశాను. తెర మీద సగం చెంప, సగం ఆకాశం ఉన్నాయి. నేను ఏం చెప్పానో గుర్తు లేదు. అన్నిటికీ టైములు గుర్తున్నాయి, ఆ ఒక్కటీ గుర్తు లేదు.

ఐదు రోజులకు జట్టులోని మనిషి అస్థికలు తెచ్చాడు. ఈసారి కొత్త మట్టికుండలో, ఎర్రగుడ్డ కట్టి. అక్క పలాస స్టేషన్‌కు తనే వస్తానంది. కుండ అందుకుని ఎత్తి చూసింది, బరువు చూస్తున్నట్టు.

"ఇంతేనేటి?" అంది ఆ మనిషితో.

"ఇంతే వదినా."

"దగ్గరుండి సూసినావా?"

"సూసినాను. నానే నిప్పెట్టినాను."

"బాగా సూసినావా, ఆయనేనా?"

అతను తల తిప్పుకుని ఏడ్చాడు. అక్క ఏడవలేదు. బారువలో ఏరు సముద్రంలో కలిసే చోట కుండ వదిలేటప్పుడు కూడా ఏడవలేదు. పక్కింటావిడతో, "ఆయనకైతే ఈ నీల్లు అలవాటే, మరి ఈయనెవులో" అంది. అప్పుడు పక్కింటావిడ ఏడ్చింది.

మరో వారానికి అధికారిణి ఫోన్ చేసింది. నిజంగా బాధపడుతూ చేసింది. ఆ రోజు ట్రైనింగులో ఉన్నానని, మెయిల్ రాత్రికి గానీ చూడలేదని చెప్పింది.

"ఒక్క ఫోన్ చేయాల్సింది కదండీ. ఆ ఖాతాకి నా సంతకం చాలు. ఆన్‌లైన్‌లో అరగంట పని."

"ఏడు రోజుల నోటీసు అని..."

"అది మీరు రాసుకున్నదే కదండీ. మేమెప్పుడైనా అడిగామా?"

రూటు రాలేదు. కంపెనీకి ఆ ఏడాది ఒక్క విమానమే మిగిలింది, దాన్ని ఇంకో రాష్ట్రంలో ఇంకో ఊరికి ఇచ్చారు. మా అంకెలు బాగున్నాయని, మళ్లీ చూద్దామని ఉత్తరం రాశారు. హామీ సొమ్ము వడ్డీతో సహా వెనక్కి పంపారు.

ఆ సంగతి చెప్పడానికి ఊళ్లో మళ్లీ కూర్చున్నారు, అదే ఇసుకలో. నేను జేబులో ఒక కాగితం పెట్టుకుని వెళ్లాను. ఎక్కడెక్కడ తప్పు జరిగిందో వరుసగా రాసుకున్న కాగితం. అందులో నాలుగోది ఫోన్ సంగతి. అది అందరి ముందూ చదవాలనే వెళ్లాను. డబ్బు తిరిగొచ్చిందని చెప్పగానే పెద్ద నా వీపు మీద చెయ్యేశాడు. "పోనీలే అల్లుడూ, నువ్వేటి సేత్తావు. పెద్దోల్ల యవ్వారం" అన్నాడు. నా చెయ్యి జేబు దగ్గరే ఉండిపోయింది.

ఆడవాళ్ల వైపు నుంచి అక్క లేచింది. అలాంటి కూటాల్లో ఆమె ఎప్పుడూ మాట్లాడింది లేదు.

"తమ్ముడూ, ఒక్క మాట. ఆ దినం మన డబ్బు మనకిచ్చీమని నువ్వు ఆల్లని అడిగినావు కదా?"

"అడిగానక్కా."

"నోరు తెరిసి అడిగినావా?"

అందరూ నా వైపు చూస్తున్నారు. జేబు దగ్గర్నుంచి చెయ్యి తీసేశాను.

"అడిగాను. ఇవ్వనన్నారు. రూలు ఒప్పుకోదన్నారు."

అక్క తల ఊపింది. భుజాలు దిగాయి, చాలా రోజులుగా మోస్తున్నది ఎక్కడో దించినట్టు. అప్పుడు ఏడ్చింది. బావ పోయాక ఆమె ఏడవడం అదే మొదటిసారి. ఆడవాళ్లు చుట్టూ చేరి పట్టుకున్నారు. వాళ్ల మధ్య నుంచి ఆమె మాటలు నాకు వినిపిస్తూనే ఉన్నాయి.

"మావోడు అడిగినాడమ్మా. మావోడు అడక్కుండా ఉంటాడేటి. ఆల్లే ఇవ్వనేదు."

ఇప్పటికీ ఇంటికి ఎవరొచ్చినా, ఆ ప్రస్తావన వస్తే, నా ముందే ఆ మాట చెబుతుంది. చెప్పి, నా కంచంలో ఇంకో చేపముక్క వేస్తుంది.